కౌన్సిల్‌ను లెక్క అడగడం: ఇంగ్లండ్‌కు కొత్తగా వచ్చిన తెలుగువారికి

ఉద్యోగం మీదనో చదువు మీదనో ఇంగ్లండ్‌కు కొత్తగా వచ్చిన మనవారు ఏప్రిల్ నెల రాగానే తప్పకుండా అడిగే సందేహం ఒకటున్నది. అద్దెతో పాటు నెలనెలా స్థానిక పాలక సంస్థ అయిన కౌన్సిల్‌కు ‘కౌన్సిల్ ట్యాక్స్’ అనే పన్ను కడుతున్నాము, నిరుటికంటే ఈ ఏడు పెంచారు కూడా. అయినా చెత్త రెండు వారాలకొకసారే తీసుకువెళుతున్నారు, రోడ్డు మీది గుంతలు అలాగే ఉన్నాయి, లైబ్రరీ వేళలు తగ్గించారు. ఈ డబ్బంతా ఏమవుతున్నదని అడిగే హక్కు వీసా మీద ఉన్నవారికి ఉన్నదా? నిస్సందేహంగా ఉన్నది. అయితే ఎవరిని, ఎప్పుడు, ఏ కాగితం ఆధారంగా అడగాలో తెలియకుండా అడిగితే మర్యాదగా రాసిన ఒక జవాబు వస్తుంది తప్ప పని జరగదు.

ముందుగా వీసా భయం సంగతి. కౌన్సిల్‌ను ప్రశ్నించినందువల్ల వీసాకు ఏ ఇబ్బందీ రాదు. పైగా భారత పౌరులు కామన్వెల్త్ పౌరులు కనుక, 18 ఏళ్లు నిండి, చెల్లుబాటయ్యే వీసాతో ఇక్కడ నివసిస్తున్నవారు ఓటరుగా నమోదు చేసుకొని స్థానిక ఎన్నికలలోనూ, పార్లమెంటు ఎన్నికలలోనూ ఓటు వేయవచ్చు. ఈ సంగతి తెలియక ఏళ్ల తరబడి ఓటు లేకుండా ఉండిపోయేవారు మనలో చాలామంది. పోలింగ్ కేంద్రంలో ఫోటో గుర్తింపు చూపాలన్న నియమం 2023 మే నుండి అమలులో ఉన్నది; మన పాస్‌పోర్టు అందుకు చెల్లుతుంది. వీసా దృష్టితో నిజంగా జాగ్రత్తపడవలసినది మరొకటి ఉన్నది. ప్రభుత్వ నిధులు తీసుకోరాదన్న షరతు ఉన్నవారు, తక్కువ ఆదాయం కారణంగా ఇచ్చే కౌన్సిల్ ట్యాక్స్ తగ్గింపుకు దరఖాస్తు చేయకూడదు. ఇంట్లో పెద్దవారు ఒక్కరే ఉంటే వచ్చే 25 శాతం రాయితీ గాని, పూర్తికాల విద్యార్థులకు ఉన్న మినహాయింపు గాని ఆ లెక్కలోకి రావు కనుక వాటిని నిరభ్యంతరంగా అడగవచ్చు.

రెండవ విషయం, ఎవరిని అడగాలన్నది. లండన్‌లోని బరోలు అనే స్థానిక విభాగాలలోను, స్లౌ, రెడింగ్, మిల్టన్ కీన్స్ వంటి చోట్లను ఒకే కౌన్సిల్ అన్ని పనులూ చూస్తుంది. కౌంటీ, డిస్ట్రిక్ట్ అని రెండంచెలున్న ప్రాంతాలలో మాత్రం రోడ్లు, బడులు, లైబ్రరీలు, వృద్ధుల సంరక్షణ కౌంటీ చేతిలోను, ఇంటి ముందు చెత్త తీయడం, ఇళ్ల నిర్మాణ అనుమతులు, పన్ను వసూలు డిస్ట్రిక్ట్ చేతిలోను ఉంటాయి. బిల్లు పంపేది డిస్ట్రిక్ట్, అందులో పెద్ద భాగం చేరేది కౌంటీకి. అందువల్ల బిల్లు మీది పేరు చూసి గుంతల గురించి డిస్ట్రిక్ట్‌కు రాస్తే, అది తమ పని కాదన్న సమాధానం వస్తుంది. ఆ సమాధానం నిజమే. రెండంచెలను కలిపి ఒకే కౌన్సిల్ చేసే మార్పులు ఇప్పుడు జరుగుతున్నాయి గనుక మీ ప్రాంతం పరిస్థితిని బిల్లుతో వచ్చే వివరణ పత్రంలో చూసుకోవడం మంచిది. పోలీసు, అగ్నిమాపక శాఖల వాటాలు కూడా అందులో విడివిడిగా ఉంటాయి.

ఇక్కడ మనవారిలో బలంగా ఉన్న ఒక అపోహను తొలగించాలి. కౌన్సిల్ ట్యాక్స్ చెత్త తీసినందుకు ఇచ్చే రుసుము కాదు. మీ ఇల్లు 1991 ఏప్రిల్ 1 నాటి ధర ప్రకారం ఏ బ్యాండులో, అంటే ఏ ధరల శ్రేణిలో, పడుతుందో దానిని బట్టి వేసే పన్ను అది. వృద్ధులు, వికలాంగులు, రక్షణ అవసరమైన పిల్లలు, వీరి సంరక్షణ బాధ్యత చట్టరీత్యా ఉన్న కౌన్సిళ్లలో బడ్జెట్‌లో అత్యధిక భాగం దానికే వెళుతుంది. 2016 నుండి బిల్లులో పెద్దల సంరక్షణ పేరుతో ప్రత్యేకమైన పద్దు కనిపిస్తున్నది అందుకే. ఇటీవలి సంవత్సరాలలో ఈ బాధ్యత ఉన్న కౌన్సిళ్లు స్థానిక ప్రజాభిప్రాయ ఓటింగ్ లేకుండా పెంచగలిగినది 5 శాతం లోపే. ఆర్థికంగా చితికిపోయిన కౌన్సిళ్లకు మాత్రం ప్రభుత్వం ప్రత్యేక అనుమతి ఇస్తున్నది: క్రోయిడన్ 2023లో 14.99 శాతం, బర్మింగ్‌హామ్ 2024లో 9.99 శాతం పెంచాయి. ఆదాయానికి మించి ఖర్చు కానున్నదని ఆర్థికాధికారి చట్టప్రకారం ఇచ్చే 114వ సెక్షన్ నోటీసు 2021లో స్లౌలోను, 2023 జూన్‌లో వోకింగ్‌లోను, అదే ఏడాది సెప్టెంబరులో బర్మింగ్‌హామ్‌లోను వెలువడింది. వోకింగ్‌ను ముంచినది చెత్త బండ్లు కావు, ఆకాశహర్మ్యాల కోసం తెచ్చిన అప్పులు. కాబట్టి ‘నా డబ్బు ఏమైంది’ అనే ప్రశ్నకంటే ‘ఈ అప్పు మీద ఏటా వడ్డీ ఎంత, ఆ భవనం నుండి వచ్చే ఆదాయమెంత’ అనే ప్రశ్న పదింతలు పదునైనది.

అడగవలసిన కాలం ఏప్రిల్ కాదు. అప్పటికి అంతా అయిపోయి ఉంటుంది. బడ్జెట్ ముసాయిదా సాధారణంగా డిసెంబరు, జనవరి నెలలలో కౌన్సిల్‌లో నిర్ణయాలు చేసే బృందమైన క్యాబినెట్ ముందుకు, ఆ నిర్ణయాలను పరిశీలించే స్క్రూటినీ కమిటీ ముందుకు వస్తుంది. పన్ను నిర్ణయం మార్చి 11లోగా జరిగిపోవాలి. సమావేశపు అజెండాను, నివేదికలను కనీసం అయిదు పూర్తి పనిదినాల ముందు బయటపెట్టాలి. సమావేశాలకు ఎవరైనా వెళ్లి కూర్చోవచ్చు. చాలా కౌన్సిళ్లు ప్రజల ప్రశ్నలకు కొంత సమయం కేటాయిస్తాయి, కాని ప్రశ్నను ముందుగా రాసి పంపాలి. గడువు, పదాల పరిమితి ఒక్కొక్క కౌన్సిల్ నియమావళిలో ఒక్కొక్క విధంగా ఉంటాయి. సాధారణంగా అక్కడికక్కడ ఒక అనుబంధ ప్రశ్నకు కూడా అవకాశమిస్తారు. నా అనుభవంలో అసలు సమాధానం రాబట్టేది ఆ అనుబంధ ప్రశ్నే, ఎందుకంటే మొదటి ప్రశ్నకు జవాబును అధికారులు ముందే సిద్ధం చేసి ఉంచుతారు. నివేదికలోని పేరా సంఖ్యను చెప్పి, ఒకే విషయాన్ని అడగండి. నాలుగు ఫిర్యాదులను ఒక ప్రశ్నలో కలిపితే వారు సులువైనదానికి మాత్రమే జవాబిచ్చి కూర్చుంటారు.

ఆధారాల కోసం ఎక్కడికో పోనక్కరలేదు. 500 పౌండ్లు దాటిన ప్రతి చెల్లింపును ఎవరికి, ఏ తేదీన ఇచ్చారో సహా కౌన్సిళ్లు మూడు నెలలకొకసారైనా ప్రకటించాలని 2015 నాటి పారదర్శకత నియమావళి చెబుతున్నది; 5,000 పౌండ్లు దాటిన కాంట్రాక్టుల వివరాలు కూడా అంతే. మనవారిలో ఎక్సెల్‌తో రోజంతా గడిపేవారికి కొదవ లేదు, ఆ పట్టికలను ఏడాది మొత్తానికి కలిపి చూస్తే ఏ ఏజెన్సీకి ఎంత వెళుతున్నదో ఒక సాయంత్రంలో తేలిపోతుంది.

అందులో లేనిదానిని సమాచార స్వేచ్ఛ చట్టం కింద అడగాలి. హైదరాబాదులోనో విజయవాడలోనో సమాచార హక్కు దరఖాస్తు పెట్టిన అనుభవమున్నవారికి ఇది కొత్త కాదు. రెండు చట్టాలూ 2005లోనే పూర్తిగా అమలులోకి వచ్చాయి. అక్కడ 30 రోజులు, పది రూపాయల రుసుము. ఇక్కడ 20 పనిదినాలు, దరఖాస్తుకు రుసుము లేదు, ఈమెయిల్ చాలు, పౌరసత్వంతో పని లేదు. అయితే సమాచారం వెతకడానికి 18 గంటలకు మించి పడుతుందంటే కౌన్సిల్ నిరాకరించవచ్చు. అందువల్ల ‘రోడ్లన్నిటి వివరాలు’ అని కాక, ఫలానా వీధిని గడచిన రెండేళ్లలో ఏయే తేదీలలో తనిఖీ చేశారో, ఏ లోపాలు నమోదయ్యాయో అని అడగాలి. అభిప్రాయాలు అడగవద్దు, రికార్డులు అడగండి. నిరాకరిస్తే ముందు అంతర్గత సమీక్ష కోరి, ఆ తరువాత ఇన్ఫర్మేషన్ కమిషనర్‌కు రాయవచ్చు.

గుంతలో పడి కారు టైరు చిట్లినవారికి ఈ తనిఖీ రికార్డే ప్రాణం. క్రమం తప్పకుండా తనిఖీ చేశామని, ఆ గుంత తమ దృష్టికి రాలేదని రుజువు చేయగలిగితే కౌన్సిల్ నష్టపరిహారం నుండి తప్పించుకోగలదు. అంతకుముందే ఎవరైనా ఫిర్యాదు చేసి ఉంటే ఆ వాదన బలహీనపడుతుంది. కాబట్టి గుంత కనిపించిన రోజునే కౌన్సిల్ వెబ్‌సైటులో గాని, ఇలాంటి ఫిర్యాదులను కౌన్సిల్‌కు చేర్చే ఫిక్స్‌మైస్ట్రీట్ వెబ్‌సైటులో గాని ఫోటోతో నమోదు చేయండి.

అంతగా ఎవరూ వాడుకోని హక్కు మరొకటి 2014 నాటి స్థానిక ఆడిట్ చట్టంలో ఉన్నది. ఏటా లెక్కలు ప్రకటించాక 30 పనిదినాల పాటు ఆ సంవత్సరపు లెక్కల పుస్తకాలను, కాంట్రాక్టులను, బిల్లులను, రసీదులను చూసి నకళ్లు కోరవచ్చు; వ్యక్తిగత వివరాలకు, వ్యాపార రహస్యాలకు మాత్రం రక్షణ ఉంటుంది. ఆ కౌన్సిల్ పరిధిలోని ఓటర్లు లెక్కలపై ఆడిటర్‌ను నేరుగా ప్రశ్నించవచ్చు, ఏదైనా ఖర్చు చట్టవిరుద్ధమని తోస్తే లిఖితపూర్వకంగా అభ్యంతరం తెలపవచ్చు. ఓటరు నమోదు చేసుకోమని పైన చెప్పడానికి ఇది కూడా ఒక కారణం.

సేవ విషయంలో మీకే అన్యాయం జరిగితే దారి వేరు. ముందు కౌన్సిల్ ఫిర్యాదుల పద్ధతిని చివరి అంచె వరకు పూర్తి చేయాలి, తరువాత కౌన్సిళ్లపై ఫిర్యాదులను స్వతంత్రంగా విచారించే ఓంబుడ్స్‌మన్‌కు, సాధారణంగా విషయం తెలిసిన 12 నెలల లోపల, రాయాలి. నిర్ణయం నచ్చకపోవడం అక్కడ చాలదు, నిర్ణయం చేసిన పద్ధతిలో లోపం చూపాలి. వార్డు కౌన్సిలర్‌కు కూడా ఒక ప్రతి పంపండి. మన ఊళ్లలోని కార్పొరేటర్ వలె తెలిసినవారిని వెంటబెట్టుకొని వెళ్లవలసిన పని లేదు. చాలామంది కౌన్సిలర్లు ప్రజలను కలిసే వేళలను ముందుగానే ప్రకటిస్తారు.

ఇంత జరుగుతున్నా, కోపంతో పన్ను కట్టడం మాత్రం ఆపవద్దు. ఒక వాయిదా తప్పితే గుర్తుచేస్తూ నోటీసు వస్తుంది. ఏడు రోజులలో కట్టకపోతే ఏడాది బాకీ అంతా ఒకేసారి కట్టమంటారు, ఆపైన మేజిస్ట్రేట్ కోర్టు ఉత్తర్వు, దాని ఖర్చులు మీ మీదనే పడతాయి. చెత్త తీయలేదన్న వాదనను ఆ కోర్టు పట్టించుకోదు. సాధారణంగా ఉండే పది నెలల వాయిదాలు బరువనిపిస్తే పన్నెండు చేయమని కౌన్సిల్‌ను అడగవచ్చు.