క్లాసిక్ 350 ముందు డిస్క్ ప్లేట్ మార్చాలి: ఆన్‌లైన్‌లో దొరికే పెటల్ ప్లేట్ వేయించవచ్చా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇది: 2022 రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350, 38 వేల కిలోమీటర్లు తిరిగింది, బ్రేక్ పట్టినప్పుడల్లా ముందు లివర్ వేళ్ల కింద కొట్టుకుంటోంది, మెకానిక్ డిస్క్ ప్లేట్ మార్చమన్నాడు, ఆన్‌లైన్‌లో ఒరిజినల్ కన్నా తక్కువకే ఫ్లోటింగ్ పెటల్ ప్లేట్ (అంచు పూరేకుల్లా ఉండేది) కనిపించింది. అది వేయించాలా, లేక ఏకంగా 320 ఎంఎం పెద్దది వేయించాలా అని అడుగుతున్నారు.

రెండూ వద్దు బ్రదర్. మీ బండికి వచ్చిన 300 ఎంఎం కొలతల్లోనే మామూలు ప్లేట్ తీసుకోండి, కంపెనీదైనా పర్లేదు, పేరున్న బయటి తయారీదారుదైనా పర్లేదు. ఇంత గట్టిగా ఎందుకంటున్నానంటే నేను అదే పెటల్ ప్లేట్ వేయించుకుని ఘాట్‌లో చాలా భయపడ్డాను.

నాది పాత క్లాసిక్ 350, ముందు 280 ఎంఎం డిస్క్. ఉండేది విశాఖలో, సముద్రానికి దగ్గర. ప్లేట్ అరిగిపోతే ఆన్‌లైన్‌లో చూడ్డానికి బాగుందని ఒక పెటల్ ప్లేట్ తెప్పించాను. దాని మీద మందం అంకె లేదు, తయారీదారు పేరు లేదు, అప్పుడు నేనది పట్టించుకోలేదు. ఊళ్లో రెండు వారాలు బాగానే పనిచేసింది. తర్వాత అరకు నుంచి తిరిగొస్తూ, వెనక మా ఆవిడ, రెండు బ్యాగులు, అనంతగిరి దాటి దిగుతుంటే లివర్ వేళ్లని తన్నడం మొదలైంది, ఇంకాస్త కిందికి వచ్చేసరికి మెత్తబడి దాదాపు హ్యాండిల్‌కి తగిలేంత లోపలికి వచ్చేస్తోంది. బండి పక్కకి ఆపి చల్లారేదాకా కూర్చున్నాం. ఆ తర్వాత సెకండ్ గేర్ వదలకుండా, వెనక బ్రేక్ ఎక్కువ వాడుతూ శృంగవరపుకోట దాకా మెల్లగా దిగాం.

మర్నాడు గాజువాక ఆటోనగర్‌లో నాకు తెలిసిన మెకానిక్ దగ్గర కొలిపించాను. ఆ కొత్త ప్లేట్ మందం, నా పాత ప్లేట్ అంచులో అరగకుండా మిగిలిన చోటి మందం కన్నా అర మిల్లీమీటరు పైనే తక్కువ! అంటే కొత్తగా కొన్నదే బాగా అరిగినదానితో సమానం. పల్చటి ప్లేట్ తక్కువ వేడిని దాచుకుంటుంది, తొందరగా కాలిపోతుంది, ఆ వేడి ప్యాడ్ల మీదుగా కాలిపర్‌లోకి (ప్యాడ్లని ప్లేట్‌కి నొక్కే భాగం), బ్రేక్ ఆయిల్‌లోకి వెళ్తుంది. నేను ఆయిల్ మార్చి మూడేళ్లు దాటింది, తేమ పీల్చిన ఆయిల్ వేడికి తొందరగా మరుగుతుంది, లివర్ మెత్తబడింది అందుకే. తప్పంతా ప్లేట్‌దే అనను, కానీ మొదలైంది దానితోనే. ఆయిల్ రెండేళ్లకోసారి మార్చేయండి, ప్లేట్ ఖర్చు ముందు అది ఎంత.

ఇప్పుడు మీ విషయం. ఏదీ కొనకముందు పాత ప్లేట్ కొలవండి. దాని మీదే కనిష్ఠ మందం చెక్కి ఉంటుంది, ఉదాహరణకి 4.5 అని ఉంటే అంతకన్నా తగ్గాక వాడకూడదు. మామూలు వెర్నియర్‌తో కొలిస్తే మోసపోతారు, ఎందుకంటే ప్లేట్ బయటి అంచు అరగదు, వెర్నియర్ పళ్లు ఆ అంచు మీద కూర్చుని ఎక్కువ చూపిస్తాయి. ప్యాడ్ రాసుకునే చోట ప్లేట్‌కి రెండు వైపులా ఒక్కో రూపాయి బిళ్ల పెట్టి మొత్తం కొలిచి, బిళ్లల మందం తీసేయండి. చుట్టూ ఆరేడు చోట్ల కొలవాలి, లివర్ కొట్టుకోవడానికి తరచుగా కారణం ఆ మందం ఒక్కోచోట ఒక్కోలా ఉండటమే. ఇంకో కారణం, ప్లేట్ కూర్చునే హబ్ (చక్రం మధ్య భాగం) ముఖం మీద తుప్పు. అక్కడ కాస్త పొక్కు ఉన్నా బయటి అంచు దగ్గరికి వచ్చేసరికి ఊగు చాలా పెరుగుతుంది, కొత్త ప్లేట్ వేసినా అదే కథ. మా ఊళ్లో ఉప్పు గాలికి ఇది మరీ ఎక్కువ.

ఫ్లోటింగ్ అంటారా, అసలైనదానిలో ప్లేట్‌కీ మధ్య చట్రానికీ మధ్య బొత్తాల్లాంటి బాబిన్లు ఉంటాయి, వేడికి ప్లేట్ సాగినా వంకర పోకుండా అవి చోటిస్తాయి. చవకవాటిలో చాలావరకు ఆ బొత్తాలు గట్టిగా బిగించేసిన అలంకారం మాత్రమే. పైగా మన బళ్లలో కాలిపరే పిన్నుల మీద జరుగుతుంది, రోడ్డు మీద తిరగడానికి ఫ్లోటింగ్ ప్లేట్ అంత అవసరం లేదు. ఆ డబ్బుతో పిన్నులు తీసి శుభ్రం చేయించి గ్రీజు పెట్టించండి, తేడా చేతికి తెలుస్తుంది.

320 సంగతి. 300 నుంచి 320కి వెళ్తే పట్టు పెరిగేది 7 శాతం దగ్గర, అది కూడా కాలిపర్‌ని 10 మిల్లీమీటర్లు బయటికి జరిపే బ్రాకెట్ ఉంటేనే. ఆ బ్రాకెట్ ఎవరో లేత్ షాపులో చేసిచ్చింది అయితే నేనైతే నమ్మను, బ్రేక్ బలమంతా దాని మీదే పడుతుంది.

బయటి కంపెనీల్లో ఇంగ్లండ్ వాళ్ల ఈబీసీ, స్పెయిన్ వాళ్ల గాల్ఫర్, ఇటలీ వాళ్ల బ్రెంబో మంచి పేరున్నవి. వాళ్ల కేటలాగ్‌లో మీ మోడల్, మీ సంవత్సరం పేరు పెట్టి ఉంటేనే కొనండి, "సరిపోతుంది సార్" అన్న మాట మీద వద్దు. బోల్టుల సంఖ్య, మధ్య రంధ్రం, ప్లేట్ ఎంత లోపలికి కూర్చుంటుందన్నదీ అన్నీ కలవాలి. మీది ఏబీఎస్ బండి కాబట్టి చక్రం వేగం చదివే సెన్సర్ రింగ్ ఎలా బిగించి ఉందో విప్పేటప్పుడు ఫోటో తీసి పెట్టుకోండి, సెన్సర్‌కీ రింగ్‌కీ మధ్య సందు మారితే ఏబీఎస్ లైటు వెలిగి ఇక ఆరదు.

ప్యాడ్లు తప్పకుండా కొత్తవి వేయండి. పాత ప్యాడ్ల మీద పాత ప్లేట్ గాట్ల అచ్చులు పడి ఉంటాయి, అవి కొత్త ప్లేట్‌ని గీకేస్తాయి. సింటర్డ్ ప్యాడ్లు (లోహపు పొడితో చేసిన గట్టివి) కావాలనుకుంటే ప్లేట్ వాటికి సరిపోయేదో కాదో అడగండి, మెత్తటి ఉక్కు ప్లేట్‌ని అవి తినేస్తాయి.

బిగించేటప్పుడు మీరు పక్కనే ఉండండి. హబ్ ముఖం గీకి శుభ్రం చేయాలి, బాణం గుర్తు ఉంటే చక్రం తిరిగే వైపుకి ఉండాలి, బోల్టులు కొత్తవి, థ్రెడ్ లాకర్ (బోల్టు వదులవకుండా పట్టే జిగురు) పెట్టి, ఎదురెదురు బోల్టులు కొద్దికొద్దిగా, టార్క్ రెంచ్‌తో. ప్లేట్‌ని బ్రేక్ క్లీనర్‌తో తుడిచాక వేళ్లు తగలనివ్వకూడదు. తర్వాత ఖాళీ రోడ్డు మీద 50 కిలోమీటర్ల వేగం నుంచి 15కి, పూర్తిగా ఆపకుండా ఓ ఇరవై సార్లు మెల్లగా తగ్గించండి, మొదటి రెండు మూడు వందల కిలోమీటర్లు గట్టిగా పట్టొద్దు. వేడి మీద ఉన్నప్పుడు సిగ్నల్ దగ్గర లివర్ నొక్కి పట్టుకుని నిలబడినా ప్యాడ్ మచ్చ ప్లేట్‌కి అంటుకుంటుంది.

ముందు బిళ్లలు పెట్టి కొలిచి, ప్లేట్ మీద చెక్కిన అంకె, మీకు వచ్చిన అంకెలు రాయండి. ప్లేటే మార్చాలో, హబ్ శుభ్రం చేస్తే సరిపోతుందో అప్పుడు చెప్తాను.