నీళ్ళు కదులుతాయి, బుజ్జీ

చిరంజీవి సౌభాగ్యవతి బుజ్జికి పెద్దమ్మ ఆశీస్సులు.

ఆగస్టులో పిల్లలిద్దరినీ తీసుకుని స్పెయిన్‌లోని సాన్ సెబాస్టియన్ వెళ్తున్నావని నిన్న రాత్రి మీ అమ్మ ఫోనులో చెప్పింది. రుషికొండలో అల వస్తే నా చీర కుచ్చిళ్ళలో మొహం దాచుకున్న పిల్లవి, ఇప్పుడు నీ పిల్లలకి సముద్రం చూపిస్తానని అట్లాంటిక్ ఒడ్డుకి బయలుదేరుతున్నావు. గర్వంగా అనిపించింది. అంతలో మీ అమ్మే, అల్లుడుగారికి సెలవు దొరకలేదనీ, మూడో రోజుకి గాని రాలేరనీ, మొదటి రెండు రోజులూ పిల్లలతో నువ్వు ఒక్కదానివే ఉంటావనీ చెప్పింది. ఇక నిద్ర పడితే ఒట్టు. తెల్లవారుజామున లేచి ఇది రాస్తున్నాను.

తెలిసిన సంగతులు త్వరగా ముగిస్తాను. మీరుండే ఐర్లండు షెంగెన్‌లో, అంటే ఒకే వీసాతో తిరగగలిగే యూరప్ దేశాల్లో, లేదు, మీ పాస్‌పోర్టులు ఇంకా మనవే, కాబట్టి పిల్లలకి కూడా విడిగా వీసాలు కావాలి. బిల్బావో విమానాశ్రయం బయట బస్సు ఎక్కితే గంటంపావులో ఊళ్ళో దిగుతారు. కారు వద్దు, దాన్ని పెట్టడానికి చోటు వెతకడంతోనే ఒక పూట గడిచిపోతుంది. ఆగస్టు మధ్యలో వాళ్ళ పెద్ద పండగ వారం వస్తుంది, గదులు ఇప్పుడే చూసుకో. చేతిలో తేలికపాటి వానకోటు ఉంచుకో. అక్కడ వేసవిలో కూడా తుంపర పడుతుంది, దానికి వాళ్ళు సిరిమిరి అని ముద్దు పేరు పెట్టుకున్నారు.

నువ్వు వేసుకున్న పట్టిక మీ అమ్మ పంపింది. అయిదు రోజుల్లో బిల్బావో మ్యూజియం, బియారిట్జ్, ఇంకేదో పల్లె, మధ్యలో సాన్ సెబాస్టియన్! తొమ్మిదేళ్ళదీ అయిదేళ్ళవాడూ నీ వెంట ఉన్నారా, లేక సూట్‌కేసులా? బిల్బావో వంద కిలోమీటర్లు, బియారిట్జ్ యాభై, అదీ ఇంకో దేశం. ఆ గీతలన్నీ కొట్టేసి ఆ ఊళ్ళోనే ఉండండి. బిల్బావో చూడకపోతే పిల్లలకి వచ్చే నష్టం లేదు. చూడాలన్నది నీ సరదా. అది వాళ్ళు పెద్దయ్యాక తీర్చుకోవచ్చు.

ఊరే వాళ్ళకి సరిపోతుంది. గవ్వలా వంగిన లా కొంచా తీరం, దానికి అటూ ఇటూ రెండు కొండలు. పడమటి కొండ ఇగెల్దో మీదికి 1912 నుంచి నడుస్తున్న తాళ్ళబండి ఉంది, చెక్క పెట్టెలతో మన తాతలనాటి రైలులా ఉంటుంది. పైన పాతకాలపు ఆటల పార్కు. మీ అక్క అక్కడి బండిలో కొండ అంచున తిరిగి దిగాక ఓ గంట మాట్లాడలేదు. రెండో కొండ ఉర్గుల్‌కి నడిచే ఎక్కాలి, మీదికి వెళ్ళాక ఫిరంగులు ఉంటాయి కాబట్టి చిన్నవాడు పేచీ పెట్టడు. కొండ కింద రేవు చివర అక్వేరియంలో సొరచేపలు నెత్తి మీదుగా ఈదే గాజు సొరంగం కట్టారు. అంతకన్నా నాకు గుర్తుండిపోయింది అక్కడి తిమింగలం అస్థిపంజరం. 1878లో ఆ తీరంలోనే పట్టారట. అక్కడి జనం, బాస్క్ వాళ్ళు, తిమింగలాల వేటలో కెనడా దాకా పడవలు వేసుకుని వెళ్ళిన జాతి. రైలు స్టేషన్ దగ్గర క్రిస్తీనా ఎనెయా అనే తోటలో నెమళ్ళు వదిలేసి ఉంటాయి, డబ్బు ఖర్చు లేని పూట.

ఇగెల్దో కింద తీరం చివర బండలకి మూడు ఇనుప పంజాలు బిగించి ఉంటాయి. ఎదువార్దో చిల్యీదా చేసినవి. ఆయన ఆ ఊరివాడే, శిల్పి కాకముందు అక్కడి ఫుట్‌బాల్ జట్టుకి గోల్‌కీపరు. ఆ మాట మీ పెద్దదానికి చెప్పు, ఆసక్తిగా చూస్తుంది. అక్కడి రాతి నేలలో రంధ్రాలుంటాయి. సముద్రం ఉధృతంగా ఉన్నప్పుడు అడుగున అల కొట్టిన గాలి వాటిలోంచి బుసకొడుతూ పైకి తన్నుకొస్తుంది, ఒక్కోసారి నీళ్ళతో సహా. మీ అన్నయ్య టోపీ అలాగే ఎగిరిపోయింది. నవ్వీ నవ్వీ వాడికి ఎక్కిళ్ళు వచ్చాయి.

పురపాలక భవనం ముందు తోటలో పాత రంగులరాట్నం ఉంటుంది. ఆ చుట్టుపక్కల మెలితిరిగిన పొట్టి చెట్లు వరుసగా ఉంటాయి. వాటిని వాళ్ళు తమరిందోస్ అంటారు. పేరు విని మొదటిసారి నేను చింతచిగురు దొరుకుతుందేమోనని ఆశపడ్డాను. చింతా కాదు, ఏమీ కాదు. వేరే జాతి చెట్టు, పులుపు లేదు.

తిండి సంగతి. అక్కడ రాత్రి భోజనం ఎనిమిదిన్నర, తొమ్మిది దాకా మొదలు కాదు. నీ పిల్లలు ఏడింటికే ఏడుపు అందుకుంటారు. అందుకని పాత ఊళ్ళో పించోలనే చిరుతిళ్ళు తినే బార్లే మీకు మేలు. బార్ అనగానే కంగారు పడకు, అక్కడ చంటిపిల్లలతో సహా వస్తారు. మధ్యాహ్నం పన్నెండున్నరకే వెళ్ళు, ఒంటిగంట దాటితే పిల్లలకి పెద్దవాళ్ళ నడుములు తప్ప ఏమీ కనిపించవు. బంగాళాదుంప, గుడ్డుతో చేసే తొర్తిల్యా ముక్క చిన్నవాడు తింటాడు. పెద్దది శాకాహారం అంటోందట కదా, జాగ్రత్త. "వెహెతాల్" అని పేరు పెట్టిన శాండ్‌విచ్‌లో కూడా ట్యూనా చేప ఉంటుంది. మాంసం వద్దంటే పంది తొడ ముక్క వేసి తెస్తారు, వాళ్ళ లెక్కలో అది మాంసం కాదు. "సిన్ హమోన్, సిన్ అతూన్" అని రెండూ విడివిడిగా చెప్పు. వేయించి ఉప్పు చల్లిన పచ్చిమిరపకాయలు అడుగు, చాలావరకు కారం ఉండదు, దానికి నచ్చుతాయి. మా రోజుల్లో నేను కారప్పొడి చిన్న సీసా సంచిలో వేసుకుని వెళ్ళేదాన్ని. మీ పెదనాన్నగారు సిగ్గుపడేవారు, తరవాత అదే సీసా కోసం చెయ్యి చాచేవారు.

అసలు సంగతికి వస్తాను. రాకుండా తప్పించుకోవాలనే ఇంతసేపూ నెమళ్ళ గురించీ తొర్తిల్యా గురించీ రాశాను.

మన విశాఖలో పెద్ద పోటుకి కూడా నీళ్ళు మనిషి ఎత్తు పెరగవు. సముద్రం ఉన్నచోటే ఉంటుందని మనకి లోపల ఎక్కడో నమ్మకం. అక్కడ పెద్ద పోటు రోజుల్లో పాటుకీ పోటుకీ మధ్య నాలుగు మీటర్ల పైచిలుకు తేడా. ఉదయం క్రికెట్ ఆడుకునేంత ఇసుక, సాయంత్రానికి గోడ దాకా నీళ్ళు. లా కొంచాకీ, పక్కనున్న ఒందర్రెత తీరానికీ మధ్య ఒక రాతి ముక్కు సముద్రంలోకి పొడుచుకొచ్చి ఉంటుంది. పీకో దెల్ లోరో అంటారు, అంటే చిలక ముక్కు. పైన ఒకప్పటి రాణిగారి వేసవి మేడ మిరమార్. నీళ్ళు వెనక్కి వెళ్ళినప్పుడు ఆ ముక్కు కింద ఇసుక మీదుగా ఒక తీరం నుంచి ఇంకో తీరానికి హాయిగా నడవవచ్చు. పోటు వస్తే ఆ దారి ఉండదు.

1996 ఆగస్టు. ఆ ముందు ఏడాదే ఫ్రాన్సు, స్పెయిన్ సరిహద్దులో తనిఖీలు తీసేయడంతో ఫ్రాన్సులో ఉంటున్న మాకు వీసా బాధ తప్పింది. అందుకని మా మొదటి ప్రయాణం అదే. ఆ రోజు జంధ్యాల పున్నమి. మీ పెదనాన్నగారు హోటలు గదిలో మంచం పక్కన కూర్చుని జంధ్యం మార్చుకున్నారు. నేను పాలు దొరక్క పెరుగులో పంచదార కలిపి నైవేద్యం పెట్టాను. ఇది ఎందుకు రాస్తున్నానంటే, ఆ రోజు పున్నమి అని నాకు తెలుసు. భీమిలిలో పుట్టి పెరిగినదాన్ని, పున్నమికీ అమావాస్యకీ పోటు ఎక్కువని జాలరి ఇళ్ళ ఆడవాళ్ళు అనగా వెయ్యిసార్లు విన్నదాన్ని. అయినా తోచలేదు. పున్నమి నైవేద్యం దగ్గరే ఆగిపోయింది.

మధ్యాహ్నం ఆయన మీ అక్కని తీసుకుని ఇగెల్దో ఎక్కారు. నేనూ మీ అన్నయ్యా చిలక ముక్కు కింద నుంచి నడిచి ఒందర్రెత వైపు వచ్చి, ఆ బండ పక్కనే దుప్పటి పరుచుకున్నాం. వాడికి ఆరేళ్ళు. ఇసుకలో కోట కడుతున్నాడు. అప్పుడు చూసుకుంటే నా సంచి లేదు. పాస్‌పోర్టులు, అప్పటి స్పెయిన్ డబ్బు పెసెతాలు అన్నీ అందులోనే. అవతలి తీరంలో కాళ్ళు కడుక్కున్నచోట వదిలేశాను. అయిదు నిమిషాల పని అనుకున్నాను. వాడి చెయ్యి పట్టుకుని లేపితే కోట పాడవుతుందని ఏడ్చాడు. "ఇక్కడే కూర్చో నాన్నా, నేను వచ్చేదాకా కదలకు" అని చెప్పి వెళ్ళాను.

బండ దాటేటప్పుడు చీలమండ దాకా తడిసింది. అదీ పట్టించుకోలేదు. సంచి కనిపించలేదు. ఎవరో తీసి జాగ్రత్తగా కాపలావాళ్ళకి ఇచ్చారట, వాళ్ళని వెతికి, సైగలు చేసి, తీసుకునేసరికి ముప్పావుగంట. తిరిగి వస్తే బండకి అలలు కొడుతున్నాయి. దిగాను. మోకాళ్ళు, తొడలు, నడుము. ఒక అల వచ్చి రాతికేసి తోసింది, మోచెయ్యి చీరుకుంది. నాకు ఈత రాదు, బుజ్జీ. వెనక్కి తిరిగి మెట్లెక్కి, పై రోడ్డు వెంట చెప్పులు లేకుండా పరుగెత్తాను. ఆ పరుగులో వాడి పేరు తప్ప నా నోట్లోంచి ఏ భాషా రాలేదు.

పైనుంచి కనిపించాడు. దుప్పటి నీళ్ళలో తేలుతోంది. కోట లేదు. వాడు నేను కూర్చోబెట్టినచోటే నిలబడి ఉన్నాడు, తొడల దాకా నీళ్ళలో, బండ వైపే చూస్తూ. ఈత టోపీ పెట్టుకున్న ఒక ముసలావిడ వాడి మణికట్టు పట్టుకుని లాగుతోంది, వాడు రాను అని బిగుసుకుపోయి ఉన్నాడు.

నేను ఎత్తుకున్నాక వాడన్న మొదటి మాట, "నేను కదలలేదమ్మా, నీళ్ళే వచ్చాయి."

ఆ ముసలావిడ నన్ను చెడామడా తిట్టింది. ఒక్క ముక్క అర్థం కాలేదు, అన్నీ అర్థమయ్యాయి. తరవాత తన గుండె మీద చెయ్యి పెట్టుకుని "అమోన" అంది. వాళ్ళ బాస్క్ భాషలో అమ్మమ్మ అని అప్పటికి నాకు తెలియదు. నేను నన్ను చూపించుకుని "అమ్మ" అన్నాను. ఆవిడ ఆశ్చర్యపోయి "అమ, బయ్, అమ" అంది. అవును, అమ్మవి అని. ప్రపంచంలో ఏ భాషకీ చుట్టం కాని భాష అంటారు దాన్ని. మరి ఆ మాట ఎలా కలిసిందో. ఆవిడ తన తువ్వాలు వాడికి చుట్టి, తడి ఈత దుస్తుల్లోనే మాతోపాటు మీదిదాకా నడిచి వచ్చింది.

మీ పెదనాన్నగారికి చెప్పలేదు. సంచి తడిపావేమిటని కోప్పడితే పడ్డాను. ఆయన పోయేదాకా చెప్పలేదు. మీ అమ్మకి ఇప్పటికీ తెలియదు, నువ్వూ చెప్పకు. మీ అన్నయ్యని మొన్న సంక్రాంతికి మెల్లగా అడిగాను, ఆ ఊరు గుర్తుందా అని. నెమళ్ళు గుర్తున్నాయట.

అందుకే పిల్లలకి "కదలకు" అని మాత్రం చెప్పకు. నేను కనిపించకపోతే నీళ్ళకి వీపు తిప్పి, మెట్లెక్కి గోడ పైకి వెళ్ళండి అని చెప్పు. మొదటి రోజే ఆ మెట్లు చూపించి, రెండుసార్లు ఎక్కించి దింపు. చిన్నవాడి చేతి మీద నీ ఫోను నంబరు చెరగని సిరాతో రాయి, నవ్వినవాళ్ళు నవ్వుతారు. పోటుపాట్ల వేళలు రోజూ హోటల్లో అడుగు. పాటు నుంచి పోటుకి ఆరు గంటలు, రోజుకి సుమారు యాభై నిమిషాలు ఆలస్యంగా జరుగుతుంది. ఆకుపచ్చ జెండా ఉంటేనే నీళ్ళలోకి. ఎర్ర జెండా ఉన్న రోజు కాలి వేలు కూడా వద్దు. సురియోలా అనే మూడో తీరం అలల మీద పలకలెక్కి ఆడేవాళ్ళది, ఒడ్డున కూర్చుని చూడండి. సంచి ఎక్కడ మరిచిపోయినా సరే, పాస్‌పోర్టులు పోయినా సరే, ఇద్దరినీ చెరో చేత్తో పట్టుకునే వెనక్కి నడువు. కోట పాడైతే మళ్ళీ కట్టుకుంటారు.

ఇంత భయపెట్టానని ప్రయాణం మానుకోకు. మానుకుంటే నేను ఊరుకోను. ఆ మరుసటి ఏడాది మేమూ వెళ్ళాం, ఆ తరవాత ఇంకో నాలుగేళ్ళు. నీళ్ళు బాగా వెనక్కి తగ్గిన వేళ చూసి, అల్లుడుగారు వచ్చాక, నలుగురూ చేతులు పట్టుకుని చిలక ముక్కు కింద నుంచి నడవండి. పాదాల కింద ఇసుక గట్టిగా, చల్లగా, అలల గీతలతో ఉంటుంది. నడుస్తుంటే అరికాళ్ళకి తెలుస్తుంది.

క్యాలెండర్ తీసి చూశాను, మీరు దిగిన రెండో రోజే అమావాస్య. అది నువ్వు ఒక్కదానివే ఉండే రోజు. సాయంత్రం నీళ్ళు ఎందాకా వచ్చాయో గదికి చేరాక ఫోను చేసి చెప్పు. అక్కడ ఆరయితే ఇక్కడ తొమ్మిదిన్నర, నేను మేలుకునే ఉంటాను.

మీ పెద్దమ్మ