మూత్రం కిడ్నీలోకి ఎగదన్నుతోంది... ఇంజెక్షనా, రోబోటిక్ ఆపరేషనా?

ప్రశ్న: మా పాపకు నాలుగేళ్లు. ఏడాదిలో మూడుసార్లు చలిజ్వరం వచ్చింది. మొదటిసారి యూరిన్ కల్చర్‌లో (మూత్రంలో క్రిములు పెరుగుతాయేమో చూసే పరీక్ష) ఇన్ఫెక్షన్ తేలింది. ఎంసీయూ పరీక్షలో (మూత్రసంచిలోకి రంగుమందు ఎక్కించి తీసే ఎక్స్‌రే) ఎడమవైపు గ్రేడ్ 3 రిఫ్లక్స్ (మూత్రం వెనక్కి ఎగదన్నడం; ఐదు దశల్లో మూడోది) అన్నారు. తర్వాత రెండుసార్లూ ఇంట్లో మిగిలిన సెఫిక్సిమ్ సిరప్ పోస్తే జ్వరం తగ్గింది. ఒక డాక్టరు దూర్బీన్ ఇంజెక్షన్ చాలంటున్నారు, ఇంకొకరు రోబోటిక్ సర్జరీ అంటున్నారు. ఏది చేయించాలి?
– ఒక తల్లి, ఖమ్మం

జవాబు: అమ్మా, మీరు అడిగింది ఆపరేషన్ గురించే. నాకు ముందు కంగారు పుట్టించింది ఆ సిరప్. ఆ రెండు జ్వరాలు మూత్రంలో ఇన్ఫెక్షన్ వల్ల వచ్చాయా, మామూలు వైరల్ జ్వరాలా అన్నది ఇప్పుడు ఎవరూ చెప్పలేరు. ఒక్క డోసు యాంటీబయాటిక్ పడినా కల్చర్‌లో క్రిములు పెరగకపోవచ్చు. ఇన్ఫెక్షన్ మళ్లీ వచ్చిందా లేదా అన్నదాన్ని బట్టే సర్జరీ నిర్ణయిస్తాం. ఆ ఆధారమే పోయింది. పైగా నీళ్లు కలిపిన డ్రై సిరప్ ఒకటి రెండు వారాలకు మించి పనికిరాదు. దయచేసి ఆ సీసా ఈరోజే పారేయండి.

ఈసారి జ్వరం వస్తే ముందు శాంపిల్. శుభ్రంగా కడిగి, మొదట వచ్చే మూత్రం వదిలేసి, మధ్యలోది స్టెరైల్ డబ్బాలో పట్టండి. గంటలోపు ల్యాబ్‌కు చేరకపోతే ఫ్రిజ్‌లో పెట్టండి, బయట ఉంచితే క్రిములు పెరిగి రిపోర్టు తప్పుగా వస్తుంది. అలాగని రిపోర్టు కోసం రెండు రోజులు ఆగకండి. శాంపిల్ ఇచ్చిన వెంటనే డాక్టరు రాసిన మందు మొదలుపెట్టాలి. జ్వరం మొదలై 48 గంటలు దాటాక వైద్యం అందితే కిడ్నీలో మచ్చ పడే ప్రమాదం పెరుగుతుంది.

మచ్చ ఉందో లేదో డీఎంఎస్ఏ స్కాన్ చెబుతుంది. ఇన్ఫెక్షన్ తగ్గిన 4 నుంచి 6 నెలలకు చేస్తేనే పాత మచ్చకూ తాజా వాపుకూ తేడా తెలుస్తుంది. మీ ఉత్తరంలో దాని ఊసు లేదు. పాప బీపీ కూడా చూపించండి.

ఇంకో సంగతి. పాపకు విరేచనం రోజూ అవుతోందా? ఆటలో పడి మూత్రం ఆపుకుంటుందా? కాళ్లు మెలేసుకుని నిలబడటం, గబుక్కున కూర్చుని మడమతో కింద ఒత్తుకోవడం గమనించారా? ఇవి ఉంటే ముందు మలబద్ధకం తగ్గించాలి, రెండు మూడు గంటలకోసారి బాత్రూంకు పంపాలి. మూత్రసంచిలో ఒత్తిడి అలాగే ఉంటే ఏ సర్జరీ చేసినా రిఫ్లక్స్ తిరగబెట్టవచ్చు.

ఇక ఇంజెక్షన్. మత్తు ఇచ్చి, మూత్రద్వారం గుండా సన్నని దూర్బీన్ పంపి, కిడ్నీ నుంచి వచ్చే మూత్రనాళం మూత్రసంచిలోకి తెరుచుకునే చోట ఒక మిల్లీలీటరు అటూఇటూ డెక్స్‌ట్రానోమర్ జెల్ ఎక్కిస్తారు. అక్కడ చిన్న గుబ్బలా లేచి నాళం నోరు బిగుస్తుంది. పైనుంచి మూత్రం దిగుతుంది, కిందినుంచి ఎగదన్నదు. పని 15, 20 నిమిషాలే, చాలామంది అదే రోజు ఇంటికి వెళ్తారు. గ్రేడ్ 3లో ఒక్క ఇంజెక్షన్‌తో సుమారు 70 శాతం నాళాల్లో రిఫ్లక్స్ ఆగుతుంది. జెల్ పక్కకు జారితే మళ్లీ చేయాల్సి రావచ్చు. అరుదుగా నాళం మూసుకుపోతుంది కాబట్టి నెలా నెలన్నరకు అల్ట్రాసౌండ్ తప్పనిసరి. ఈలోపు నడుము పక్క నొప్పి, వాంతులు, జ్వరం వస్తే ఆగకుండా ఆసుపత్రికి రండి.

ల్యాపరోస్కోపీ, రోబోటిక్ పద్ధతుల్లో చిన్న రంధ్రాల్లోంచి మూత్రనాళాన్ని సంచి కండరం కిందికి మళ్లించి కుడతారు. ఫలితం ఇంజెక్షన్ కన్నా గట్టిది. కానీ ఒకటి రెండు రోజులు ఆసుపత్రిలో ఉండాలి, ఖర్చూ ఎక్కువే. గ్రేడ్ 4, 5లోనూ, ఇంజెక్షన్ విఫలమైనప్పుడూ దీని అవసరం ఎక్కువ.

మీరు రాసినంతలో నాకు తోచేది: ఒకవైపే గ్రేడ్ 3, వయసు నాలుగు, కాబట్టి ఈ వారమే తేల్చేయాలన్న తొందర లేదు. రోజూ రాత్రి చికిత్స మోతాదులో సుమారు నాలుగో వంతు యాంటీబయాటిక్ ఇచ్చి చూడొచ్చు. 2014లో వెలువడిన రివర్ (RIVUR) ట్రయల్‌లో రిఫ్లక్స్ ఉన్న 607 మంది పిల్లలను గమనిస్తే, ఇలా ఇచ్చినవారిలో ఇన్ఫెక్షన్లు దాదాపు సగానికి తగ్గాయి. మచ్చల్లో మాత్రం తేడా కనిపించలేదు. మందు వాడుతున్నా కల్చర్‌లో తేలిన ఇన్ఫెక్షన్ వచ్చినా, స్కాన్‌లో కొత్త మచ్చ కనిపించినా, ముందు ఇంజెక్షన్ వైపే మొగ్గుతాను. పాపను చూడకుండా రాస్తున్నాను కాబట్టి ఏ మందు, ఎంత అన్నది మీ పీడియాట్రిక్ యూరాలజిస్టే తేల్చాలి. వెళ్లేటప్పుడు ఎంసీయూ ఫిల్మ్‌లు, ఆ మొదటి కల్చర్ రిపోర్టు, వారం రోజుల పాటు పాప ఎన్నిసార్లు మూత్రానికి, విరేచనానికి వెళ్లిందో రాసిన కాగితం పట్టుకెళ్లండి.