అమ్మానాన్నలతో ఇంగ్లండులో ఒకరోజు ప్రయాణాలు: రోజుకు ఒక్క చోటే పెట్టుకోండి

మీ అమ్మానాన్నలు ఆరు వారాలు ఉండేలా వస్తున్నారని, నాన్నగారికి మోకాళ్ల నొప్పి అని, మీకు శని ఆదివారాలే ఖాళీ అని రాశారు. లండన్ నుంచి పొద్దున బయలుదేరి రాత్రికి ఇల్లు చేరేలా ఏ చారిత్రక ప్రదేశాలు చూపించవచ్చని అడిగారు. నాలుగేళ్ల కిందట మాది కూడా అచ్చంగా ఇదే పరిస్థితి. ముందు నేను చేసిన తప్పు చెబుతాను, అది మీరు చేయకూడదని.

వాళ్లు వచ్చిన మొదటి శనివారమే ఒక పర్యాటక సంస్థ బస్సులో మూడు సీట్లు తీసుకున్నాను. విండ్సర్ కోట, వేల ఏళ్ల నాటి రాళ్ల వలయం స్టోన్‌హెంజ్, బాత్ నగరం, మూడూ ఒక్క రోజులో. రోజులో సగానికి పైగా బస్సులోనే గడిచిపోయింది. విండ్సర్‌లో ఇచ్చిన సమయం తనిఖీ వరుసకే సరిపోయింది. బాత్‌లో రోమన్ల స్నానవాటికను బయటి నుంచి చూసి వెనక్కి పరుగెత్తాం. రాత్రి ఇంటికొచ్చాక అమ్మ ఫోనులో ఫొటోలు చూస్తూ, "ఇది ఏ ఊరు నాన్నా?" అని అడిగింది. పోయిన డబ్బు కంటే ఆ మాటే నన్ను ఎక్కువ బాధపెట్టింది. ఆ మర్నాటి నుంచి రోజుకు ఒక్క చోటు, దానికి ఒక కథ అని అనుకున్నాం.

స్టోన్‌హెంజ్‌కు మూడు వారాల తర్వాత మళ్లీ వెళ్లాం, ఈసారి రైల్లో. వాటర్‌లూ స్టేషన్ నుంచి సాల్స్‌బరీకి గంటన్నర ప్రయాణం. అక్కడి స్టేషన్ దగ్గరే స్టోన్‌హెంజ్ బస్సు ఎక్కవచ్చు. టికెట్లు ఇచ్చే చోటు నుంచి రాళ్ల దగ్గరికి రెండు కిలోమీటర్లకు పైగా ఉంటుంది కానీ చిన్న బస్సులు తిరుగుతూనే ఉంటాయి, మీ నాన్నగారు నడవనక్కర్లేదు. మామూలు టికెట్‌తో రాళ్లను తాకనివ్వరు, తాడు కట్టిన దారిలో చుట్టూ తిరిగి చూడాలి. చాలామంది "ఇంతేనా" అని నిరుత్సాహపడేది ఇక్కడే. అందుకే రాళ్ల దగ్గరికి వెళ్లేముందు అక్కడి ప్రదర్శనశాలలో ఒక గంట గడపండి.

ఆ పెద్ద రాళ్లు ఒక్కొక్కటి సగటున 25 టన్నులు. సుమారు 4,500 ఏళ్ల కిందట, దాదాపు 25 కిలోమీటర్ల దూరం నుంచి లాక్కొచ్చి నిలబెట్టారు. లోపలి చిన్న నీలిరాళ్లు వేల్స్‌లోని ప్రెసెలి కొండలవి, 200 కిలోమీటర్లకు పైగా దూరం. నడుమ పడి ఉన్న బలిపీఠపు రాయి ఏకంగా స్కాట్లాండ్ ఈశాన్య ప్రాంతం నుంచి వచ్చిందని 2024లో శాస్త్రవేత్తలు తేల్చారు. మా నాన్నను మాత్రం ఇవేవీ అంతగా కదిలించలేదు. అన్నిటికంటే ఎత్తుగా నిలిచిన రాయి తల మీద ఒక బొడిపె కనిపిస్తుంది. పైన పెట్టే అడ్డరాయి అడుగున గుంట తొలిచి, ఈ బొడిపె మీద కూర్చోబెట్టేవారు. "ఇది గుమ్మం బిగించే పద్ధతే కదరా, కొయ్యపని రాతిలో చేశారు!" అని నాన్న చాలాసేపు అక్కడే నిలబడిపోయారు. గాలి మాత్రం ఎండాకాలంలో కూడా కోసేస్తుంది. అమ్మకు చెవులు కప్పుకోవడానికి ఒక శాలువా తప్పకుండా పెట్టండి.

తిరుగు రైలు సాల్స్‌బరీ నుంచే కాబట్టి, ఓపిక ఉంటే అక్కడి చర్చిలోకి వెళ్లండి. 123 మీటర్ల శిఖరం, బ్రిటన్‌లో చర్చి శిఖరాలన్నిటిలోకీ ఎత్తైనది. రాజు అధికారానికి హద్దులు పెట్టిన 1215 నాటి ఒప్పందపత్రం మాగ్నా కార్టా అసలు ప్రతులు నాలుగే మిగిలాయి, వాటిలో ఒకటి ఇక్కడ ఉంది. ఒక్క తోలుపత్రం మీద అంత సన్నని రాత చూసి, చిన్నప్పుడు తాటాకు గ్రంథాలు చూసిన అమ్మ ముగ్ధురాలైంది.

రాజాభరణాలు దాచిన పాత కోట లండన్ టవర్‌కు మాత్రం తలుపులు తెరిచే వేళకే చేరండి, నేరుగా రాజాభరణాల దగ్గరికి వెళ్లండి. పదకొండు దాటితే వరుస పెరిగిపోతుంది. మన కృష్ణా తీరంలోని కొల్లూరు గనిలో దొరికిందని చెప్పుకునే కోహినూరు, 1937లో చేయించిన కిరీటంలో పొదిగి ఉంది. 1849లో బ్రిటిష్‌వాళ్లు పంజాబును కలుపుకున్నప్పుడు అక్కడి బాలరాజు దులీప్ సింగ్ చేత ఇప్పించుకున్నారు, 1852లో మళ్లీ సానబెట్టి 186 క్యారెట్ల నుంచి సుమారు 105కు తగ్గించారు. ముఖ్యమైన కిరీటాల ముందు నేల తానే కదులుతూ ముందుకు తీసుకెళ్తుంది, ఆగి చూడటం కుదరదు. ఒకసారి దాటాక వెనక్కి వచ్చి మళ్లీ ఎక్కండి. మధ్యలోని తెల్లని కోటలో మెట్లు ఇరుకు, మోకాళ్ల నొప్పి ఉన్నవాళ్లకు నేను చెప్పను.

బ్రిటిష్ మ్యూజియానికి ప్రవేశం ఉచితం. అంతా తిరగాలని చూడకండి. 33 ఎ గదిలో అమరావతి స్తూపం శిల్పాలున్నాయి, వంద దాటి. ఈస్టిండియా కంపెనీ అధికారి కాలిన్ మెకంజీ 1797లో ఆ స్తూపపు దిబ్బను చూశాడు, 1845లో మరో కంపెనీ అధికారి వాల్టర్ ఇలియట్ తవ్వించాడు, 1859లో ఇవి లండన్ చేరాయి. మన పలనాటి సున్నపురాయి, మన శిల్పుల ఉలి. అద్దాల వెనుక పూర్ణకుంభాన్ని, తామరలను చూస్తుంటే నాకు గర్వం, దిగులు కలిసే వచ్చాయి. ఆ గది తెరిచి ఉందో లేదో బయలుదేరే ముందు కనుక్కోండి.

ఇక ఖర్చు విషయం. 60 ఏళ్లు దాటినవాళ్లకు రైలు ఛార్జీలో మూడో వంతు తగ్గించే సీనియర్ రైల్‌కార్డు ఉంది, పాస్‌పోర్టు చూపించి స్టేషన్‌లో తీసుకోవచ్చు. స్టోన్‌హెంజ్ టికెట్ ముందుగా ఆన్‌లైన్‌లో కొంటే చవక. పులిహోర కట్టుకెళ్లండి, పచ్చిక మీద కూర్చుని తినడానికి ఎవరూ అభ్యంతరం చెప్పరు.

చివరగా, పర్యాటక పుస్తకాలలో సాధారణంగా కనబడని ఒక చోటు. మాది పశ్చిమగోదావరి డెల్టా. 1847లో మొదలుపెట్టి 1852కు ధవళేశ్వరం ఆనకట్ట పూర్తి చేసిన సర్ ఆర్థర్ కాటన్ 1899లో సర్రే జిల్లా డార్కింగ్‌లో కన్నుమూశారు, ఆ ఊరి శ్మశానంలోనే ఆయన సమాధి ఉంది. వాటర్‌లూ నుంచి గానీ విక్టోరియా నుంచి గానీ రైల్లో గంట లోపు, స్టేషన్ నుంచి టాక్సీ. సమాధి ఏ వైపు ఉందో ముందే తెలుసుకుని వెళ్లండి, మేము ముప్పావు గంట వెతికాం. దొరికాక నాన్న చెప్పులు విడిచి, దారిలో కొన్న పూలు పెట్టి దండం పెట్టారు. గోదావరి స్నానసంకల్పంలో పురోహితులు కాటన్ పేరు చెప్పడం విని పెరిగిన మనిషి ఆయన. అక్కడి నుంచే ఊళ్లో ఉన్న బాబాయికి ఫోను చేసి, "దొర దగ్గర ఉన్నానురా" అన్నారు. ఆరు వారాల్లో నాన్న తనంతట తాను ఊరికి ఫోను చేసింది ఆ ఒక్క చోటు నుంచే.

మీవాళ్లది ఏ జిల్లానో రాయండి. గుంటూరు వైపు అయితే మ్యూజియాన్ని మొదటి వారంలోనే పెట్టుకోండి. తెలుగు సాహిత్యం మీద ఇష్టం ఉన్నవాళ్లయితే, లండన్‌లోనే కెన్సల్ గ్రీన్ శ్మశానంలో సి.పి. బ్రౌన్ సమాధి ఉంది.