లినక్స్ లాక్‌ని విండోస్‌కి తీసుకెళ్లే ముందు

చిరంజీవి అల్లుడికి, మామయ్య ఆశీస్సులు.

ఫైల్ లాకింగ్‌కి, అంటే ఒక ప్రోగ్రామ్ ఫైల్ వాడుతుండగా ఇంకోటి అందులో వేలు పెట్టకుండా ఆపడానికి, ఒకే ఫంక్షన్ రాసి, లోపల ఇఫ్‌డెఫ్‌తో (ఏ సిస్టమ్‌కి కంపైల్ చేస్తే దాని ముక్కనే ఉంచే సూచన అది) లినక్స్‌కి ఒక ముక్క, విండోస్‌కి ఒక ముక్క పెడితే చాలా అని అడిగావు. చాలదురా. ఫంక్షన్ రాయి గానీ, రెండుచోట్లా అది ఒకే హామీ ఇస్తుందని మాత్రం నమ్మకు.

లినక్స్‌లో లాక్ అంటే పరస్పర ఒప్పందమే. లాక్ అడక్కుండా నేరుగా ఫైల్ తెరిచి రాసేసే ప్రోగ్రామ్‌ని కెర్నెల్, అంటే ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ, ఆపదు. అలా ఆపే తప్పనిసరి లాక్ అని ఒకటుండేది, దాన్ని 2021లో 5.15 కెర్నెల్‌లో తీసేశారు. విండోస్ అలా కాదు. లాక్‌ఫైల్‌ఈఎక్స్ (LockFileEx) అనే విండోస్ ఫంక్షన్‌తో కొన్ని బైట్ల మీద ఎక్స్‌క్లూజివ్ లాక్, అంటే ఒక్కరికే దక్కే లాక్, వేశావంటే, నీ ప్రాసెసే (నడుస్తున్న నీ ప్రోగ్రామే) ఇంకో హ్యాండిల్‌తో, అంటే ఫైల్‌ని మళ్లీ తెరిచి, ఆ బైట్లు చదవబోయినా ఎర్రర్ వస్తుంది. అందుకే ఎస్‌క్యూలైట్ అనే డేటాబేస్ వాళ్లు డేటా ఉన్న బైట్ల జోలికి పోకుండా, ఫైల్ మొదలు నుంచి సరిగ్గా 1 జీబీ దూరంలో కొన్ని బైట్లను లాక్ కోసమే కేటాయించారు. ఫైల్ అంత పెద్దది కాకపోయినా ఇబ్బంది లేదు, ఇంకా లేని బైట్ల మీద కూడా లాక్ పడుతుంది. నువ్వు పక్కన వేరే లాక్ ఫైల్ పెట్టుకో, ఇంకా తేలిక.

నన్ను అన్నిటికంటే భయపెట్టేది లినక్స్‌లో ఎఫ్‌సీఎన్‌టీఎల్ (fcntl) అనే కాల్‌తో వేసే లాక్. అది ప్రాసెస్‌కి చెందుతుంది, ఫైల్ తెరిచినప్పుడు నీకు దొరికే నంబర్‌కి, అంటే డిస్క్రిప్టర్‌కి, కాదు. నీ ప్రోగ్రామ్‌లో ఏదో మూల ఒక లైబ్రరీ అదే ఫైల్‌ని తెరిచి, నాలుగు లైన్లు చదివి క్లోజ్ చేసిందనుకో, ఆ ఫైల్ మీద నీ ప్రాసెస్‌కున్న లాక్‌లన్నీ ఊడిపోతాయి. ఎర్రర్ రాదు, హెచ్చరికా ఉండదు. ఒకే ప్రాసెస్‌లో పక్కపక్కన నడిచే రెండు థ్రెడ్లు ఒకదాన్నొకటి ఆపుకోవడానికి కూడా అది పనికిరాదు. లినక్స్ 3.15లో, అంటే 2014లో, వచ్చిన ఓఎఫ్‌డీ (open file description) లాక్‌లు వాడు. అవి ప్రాసెస్‌కి కాక, ఫైల్‌ని తెరిచిన ఆ ఒక్క సారికే అంటిపెట్టుకుని ఉంటాయి. ఎఫ్‌లాక్ (flock) అనే కాల్‌తో వేసే లాక్ కూడా అంతే, కాకపోతే అది మొత్తం ఫైల్‌కే పడుతుంది. ఒకచోట ఎఫ్‌లాక్, ఇంకోచోట ఎఫ్‌సీఎన్‌టీఎల్ మాత్రం వద్దు. లోకల్ డిస్క్ మీద ఒకదాని లాక్ ఇంకోదానికి కనపడదు.

పనయ్యాక లాక్ ఫైల్‌ని డిలీట్ చేయకు, ఖాళీగా అక్కడే ఉండనీ. లినక్స్‌లో డిలీట్ చేస్తే, పాత ఫైల్ తెరిచి ఎదురుచూస్తున్న ప్రాసెస్‌కి దాని మీద లాక్ దొరుకుతుంది, కొత్తగా వచ్చిన ప్రాసెస్ అదే పేరుతో ఇంకో ఫైల్ సృష్టించి దాన్ని లాక్ చేస్తుంది. లాక్ తనదే అనుకుని రెండూ ఒకేసారి పనిలోకి దిగుతాయి.

టెస్ట్‌లో ఒక ప్రాసెస్ లాక్ పట్టుకుని ఉండగా దాన్ని చంపేసి, రెండోదానికి లాక్ దొరుకుతుందో లేదో చూడు. విండోస్‌లో విడుదల కాస్త ఆలస్యం కావచ్చు, మళ్లీ ప్రయత్నించే కోడ్ పెట్టు. కస్టమర్లు ఫైల్‌ని నెట్‌వర్క్ షేర్‌లో పెట్టేట్టయితే అక్కడా ఇదే టెస్ట్ నడిపి, ఫలితాలు నాకు పంపు.

మామయ్య