డేవిడ్ కాసిడీకి అందం తప్ప నటన వచ్చా?

"1970లలో అమ్మాయిలు గోడలకు అంటించుకున్న పోస్టర్ తప్ప ఆయన చేసిందేముంది?" అని అమెరికా గాయకుడు, నటుడు డేవిడ్ కాసిడీ గురించి అడిగారు. చాలా చేశారు. ఆ పోస్టర్ వల్లే అది ఎవరికీ కనబడలేదు.

నేనుండేది న్యూజెర్సీలో. ఆయన చిన్నతనంలో అమ్మమ్మ, తాతయ్యల దగ్గర పెరిగిన వెస్ట్ ఆరెంజ్ మాకు దగ్గరే. మా ఆఫీసులో ఆయన వీరాభిమాని ఒకావిడ ఉండేవారు. పట్టుబట్టి నన్ను న్యూయార్క్‌లో ఆయన కచేరీకి తీసుకెళ్లారు. అప్పటికే ఆయనకు అరవై దాటాయి. నాకు ఆ పాటలు పెద్దగా తెలియవు, ఆయన మీద ఏ అభిమానమూ లేదు. అయినా గిటార్ పట్టుకుని హాలంతటినీ తన వైపు తిప్పుకున్న తీరు చూశాక, దొరికినవన్నీ వెతికి చూశాను.

ఆయన 1950లో న్యూయార్క్‌లో పుట్టారు. తండ్రి జాక్ కాసిడీ టోనీ అవార్డు అందుకున్న రంగస్థల నటుడు, తల్లి ఎవెలిన్ వార్డ్ కూడా నటే. వాళ్లు విడిపోయాక తండ్రి నటి షిర్లీ జోన్స్‌ను పెళ్లి చేసుకున్నారు. 1970లో అమెరికా టీవీ ఛానెల్ ఏబీసీలో మొదలైన 'ది పార్ట్రిడ్జ్ ఫ్యామిలీ' సీరియల్‌లో ఆవిడే ఈయనకు తల్లిగా నటించారు. భర్త పోయిన ఒక తల్లి, ఐదుగురు పిల్లలతో బ్యాండు పెట్టి బస్సులో ఊళ్లు తిరిగే కథ అది. మొదట పాటలన్నీ వేరేవాళ్లతో పాడించి, నటులు పెదవులు కదిపితే చాలనుకున్నారు. తనకు పాడటం వచ్చని కాసిడీయే ముందుకొచ్చారు. ఆ గొంతుతో వచ్చిన 'ఐ థింక్ ఐ లవ్ యూ' అదే ఏడాది అమెరికాలో నంబర్ వన్ అయింది.

ఆ తర్వాత ఆయనకు ఊపిరాడలేదు. పగలు షూటింగ్, రాత్రి రికార్డింగ్, శని ఆదివారాలు కచేరీలు. లంచ్ బాక్సుల మీదా ఆయన బొమ్మే. ఆ అమ్మకాల్లో తనకు రావలసిన వాటా కోసం 2011లో కూడా కోర్టుకెక్కాల్సి వచ్చింది. 1974 మేలో లండన్ వైట్ సిటీ స్టేడియం కచేరీలో తొక్కిసలాట జరిగి ఒక పద్నాలుగేళ్ల అమ్మాయి చనిపోయింది. దాని తర్వాత ఆయన చాలా ఏళ్లు కచేరీ యాత్రలు మానేశారు. ఆ బాధ ఆయన్ని జీవితాంతం వదల్లేదు.

చాలామంది ఇక్కడితో ఆపేసి, చివర్లో తాగుడు, 2015లో దివాలా, 2017లో మరణం అని చదివేస్తారు. అవన్నీ నిజమే. కానీ నడుమ నలభై ఏళ్లున్నాయి.

1978లో 'పోలీస్ స్టోరీ' సీరియల్ ఎపిసోడ్ ఒకదానిలో హైస్కూల్ విద్యార్థిగా నటిస్తూ మత్తుమందుల ముఠాను పట్టుకునే పోలీసు పాత్ర వేశారు. దానికి టీవీ రంగంలో ఇచ్చే ఎమ్మీ అవార్డుకు నామినేషన్ వచ్చింది. తర్వాత రంగస్థలం: 1983లో న్యూయార్క్ నాటకశాలల వీధి బ్రాడ్‌వే, 1987లో లండన్ నాటకశాలల ప్రాంతం వెస్ట్ ఎండ్, 1996 నుంచి లాస్ వేగాస్‌లో ఎంజీఎం గ్రాండ్ హోటల్ వేదిక.

నాకు అన్నిటికంటే గొప్పగా అనిపించేది 1993 నాటి 'బ్లడ్ బ్రదర్స్'. టిక్కెట్లు పోక బ్రాడ్‌వేలో మూతపడబోతున్న నాటకం అది. ఆయన, తమ్ముడు షాన్ కాసిడీ, గాయని పెట్యులా క్లార్క్ చేరాక నిలబడి 1995 దాకా ఆడింది. పుట్టగానే విడిపోయి, ఒకడు పేదింట్లో, ఒకడు కలవారింట్లో పెరిగిన కవలల కథ. డేవిడ్ పేదవాడి పాత్ర వేశారు. ఈ అన్నదమ్ములకు తండ్రి ఒక్కరే, తల్లులు వేరు. ఆ తండ్రి ఉన్న ఇల్లు షాన్‌ది. ఆ పాత్రలోకి డేవిడ్ ఏం తెచ్చి ఉంటారో నేను ఊహించగలను.

'పోలీస్ స్టోరీ'లో ఆయన చేసిన ఎపిసోడ్ పేరు 'ఎ ఛాన్స్ టు లివ్'. ఎక్కడైనా దొరికితే ముందు అది చూడండి, పాటలు తర్వాత వినొచ్చు.