పీత డొప్పలు కనిపిస్తే ఆగు

చిరంజీవి అమ్మలుకు,

పిన్ని ఆశీస్సులు. సియాటిల్ వెళ్లిన ఏడాదికే చల్లటి సముద్రంలో డైవింగ్‌కి వేసుకునే, ఒళ్లు తడవనివ్వని డ్రైసూట్ కోర్సు కూడా పూర్తి చేశావని మీ అమ్మ చెప్పింది. అక్కడి సీక్రెస్ట్ పార్కు ఒడ్డు నుంచి మూడుసార్లు సముద్రంలోకి దిగినా ఒక్క ఆక్టోపస్ కూడా కనిపించలేదని దిగులు పడుతున్నావట. వైజాగ్ వచ్చేయకముందు పదిహేనేళ్లు ఆ నీళ్లలో దిగినదాన్ని కాబట్టి రాస్తున్నాను.

నువ్వు ఆక్టోపస్ కోసం వెతుకుతున్నావు, అక్కడే పొరపాటు. జెయింట్ పసిఫిక్ ఆక్టోపస్ పగలు ఎక్కువసేపు బొరియలోనే ఉంటుంది. ఒంటి రంగే కాదు, చర్మం గరుకుదనం కూడా పక్క రాయిలా మార్చేస్తుంది. కాబట్టి దాని ఎంగిలి వెతుకు. తిన్నాక పీత డొప్పలు, గుల్లలు గుమ్మం బయటికి తోసేస్తుంది. సీక్రెస్ట్‌లోనే కోవ్ 2 అనే చోట నీళ్లలో ఉన్న ఐ-బీమ్‌ల (ఇనుప దూలాల) దగ్గర, దుంగల కింద అలాంటి కుప్ప కనిపిస్తే ఆగిపో. డొప్పలు నాచు పట్టకుండా శుభ్రంగా ఉన్నాయంటే ఈమధ్యే భోజనం అయిందన్నమాట.

టార్చి సూటిగా లోపలికి కొట్టకు. వెలుగు అంచు మాత్రం బొరియ గోడకు తగిలేలా పట్టుకుని కాసేపు ఊరికే చూడు. నాకు మొదటిసారి కనిపించింది ఇలాగే. రాయి అనుకున్నది మెల్లగా ఉబ్బి, మెల్లగా తగ్గింది. అది ఊపిరి తీసుకుంటోంది! ఆ తర్వాతే దాని చేతి కింద, పట్టుకోవడానికి వాడే తెల్లటి గిన్నెల వరస కంటపడింది.

ఇంత ఓపికగా చూడాలంటే ఒళ్లు వెచ్చగా ఉండాలి. అక్కడ నీళ్లు ఏడాది పొడవునా 8 నుంచి 12 డిగ్రీలే. చలి పట్టుకుంటే మనసంతా ఒడ్డు మీదే ఉంటుంది, కళ్లు దేన్నీ పట్టించుకోవు. లోపలి బట్టల దగ్గర, గ్లవ్స్ దగ్గర డబ్బుకు చూసుకోకు. వేళ్లు మొద్దుబారాయా, పైకి వచ్చెయ్. నీతో జంటగా దిగే బడ్డీకి చలేసినా అంతే. ఫ్లాస్కులో మిరియాల చారు పోసుకుని వెళ్లు, నేనెప్పుడూ అదే పట్టుకెళ్లేదాన్ని.

వసంతంలో, వేసవిలో ప్లాంక్టన్ (నీళ్లలో తేలే సూక్ష్మజీవులు) పెరిగి నీళ్లు పచ్చగా మసకబారతాయి. చలికాలం చాలా నయం. డే ఐలాండ్ అనే డైవింగ్ చోట వుల్ఫ్ ఈల్ అనే పొడవాటి చేపను చూడాలంటే మాత్రం స్లాక్ టైము (ఆటుపోట్ల మధ్య నీళ్లు నిలకడగా ఉండే వేళ) చూసుకోకుండా దిగకు, అక్కడ ప్రవాహం జోరు.

ఉసిరికాయంత ఉండే లంప్‌సక్కర్ చేప, ఈల్‌గ్రాస్ అనే సముద్రపు గడ్డి ఆకుకు అతుక్కుని ఉంటుంది. రెడోండో అనే ఇంకో డైవింగ్ చోట రాత్రిపూట ఇసుకలోంచి రెండు కళ్లే కనిపిస్తే అది స్టబ్బీ స్క్విడ్, ఆక్టోపస్‌కి చుట్టమైన చిన్న ప్రాణి. రెండింటినీ చూడాలంటే ఈత వేగం తగ్గించాలి. కాళ్లకు తొడుక్కున్న ఫిన్స్ కింద బురద లేచిందంటే ఆ చోటు ఇక పాడైనట్టే.

2012లో సీక్రెస్ట్‌లో ఒకతను వేట లైసెన్సుతోనే ఆక్టోపస్‌ను చంపి పట్టుకెళ్తే డైవర్లు ఊరుకోలేదు. మరుసటి ఏడాదే వాషింగ్టన్ రాష్ట్రం అక్కడితో కలిపి ఏడు చోట్ల వాటిని పట్టడం నిషేధించింది. అందుకే ఇవాళ నీకు అక్కడ వాటిని వెతికే వీలుంది.

బొరియ కప్పు నుంచి మల్లెమొగ్గల దండల్లా గుడ్లు వేలాడుతుంటే అక్కడ ఫ్లాష్ కొట్టకు. ఆ తల్లి నెలల తరబడి తిండి మానేసి వాటికి నీళ్లు ఊదుతూ కాపలా కాస్తుంది, పిల్లలు బయటికొచ్చే వేళకి ప్రాణం వదిలేస్తుంది. రెండు నిమిషాలు చూసి పక్కకు వచ్చెయ్. ఆ గుమ్మం ఎక్కడుందో గుర్తులు రాసి నాకు పంపు.

మీ పిన్ని